ఫాదర్‌ని ఎత్తుకుపోయేవాళ్ళు

ముగ్గురూ ఒకే కారులోంచి దిగారు. దిగి, ఒకరి మొహం ఒకరు ఎప్పుడూ చూడనట్టు విడివిడిగా లోపలికి వచ్చారు. చర్చి గుమ్మంలో నిలబడి ఆరాధన కాగితాలు పంచుతున్న లెటీ హాస్కెల్‌కి అక్కడే మొదటి అనుమానం పుట్టింది.

లెటీకి అనుమానం పుట్టాలంటే పెద్ద కారణం అక్కర్లేదని కార్విల్ ఊరంతా చెప్పుకుంటారు. కొత్త పోస్ట్‌మాన్ వస్తే, అతను నిజంగా పోస్ట్‌మానేనా అని పోస్టాఫీసుకి ఫోను చేసిన మనిషి ఆవిడ. కానీ ఈసారి ఆవిణ్ణి తప్పుపట్టడానికి లేదు.

అక్టోబరులో వెర్మాంట్‌కి ఆకుల రంగులు చూడటానికి జనం విరగబడి వస్తారు. వాళ్ళలో కొందరు ఆదివారం పూట చర్చిలోకీ తొంగిచూస్తారు. వాళ్ళని ఇట్టే పోల్చుకోవచ్చు. తలెత్తి కప్పు వంక చూస్తుంటారు. ప్రార్థన పుస్తకంలో పేజీ దొరక్క తడుముకుంటారు. అందరూ మోకరిస్తే వాళ్ళు కూర్చుంటారు, అందరూ కూర్చున్నాక వాళ్ళు లేస్తారు. ఈ ముగ్గురూ అలాంటివాళ్ళు కారు. విశ్వాస ప్రమాణం పుస్తకం తెరవకుండా గడగడా చెప్పేశారు. వంగాల్సిన చోట వంగారు, లేవాల్సిన చోట లేచారు. ముందు బెంచీలో కూర్చున్న పెద్దమనిషి ప్రసంగం మొదలవగానే జేబులోంచి పెన్ను తీసి ఆరాధన కాగితం అంచున ఏదో రాసుకున్నాడు. వెనక స్తంభం చాటున కూర్చున్న కుర్రవాడు గడియారం చూసుకున్నాడు. అన్నిటికీ మించి మధ్య బెంచీలో ఆకుపచ్చ కోటు వేసుకున్న ఆవిడ, ఫాదర్‌ని కాకుండా ఫాదర్ మాట వింటున్న జనాన్ని చూస్తూ కూర్చుంది.

అంతే, లెటీకి అర్థమైపోయింది. ప్రసంగం వినడానికి వచ్చినవాళ్ళు ఫాదర్‌ని చూస్తారు. ఫాదర్‌ని పట్టుకుపోవడానికి వచ్చినవాళ్ళే జనాన్ని చూస్తారు.

ఆ సంగతి లెటీకి తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది! ఆరేళ్ళ కిందట తను చేసిన పని అదే. తన కాళ్ళ మీద తను నిలబడ్డ సంఘానికి బిషప్ ఫాదర్‌ని పంపడు. సంఘమే వెతుక్కోవాలి. ఏటా జనవరిలో జనం ఎన్నుకునే వెస్ట్రీ, అంటే ఏడుగురు పెద్దల కమిటీ, ఇద్దరు ముగ్గుర్ని ఊళ్ళ మీదికి పంపుతుంది. వాళ్ళు ఎవరికీ చెప్పకుండా ఏదో ఒక చర్చిలో వెనక బెంచీలో కూర్చుని, అక్కడి ఫాదర్ ఎలా మాట్లాడతాడో, జనం ఎలా వింటున్నారో చూసుకుని, కాఫీ తాగి వచ్చేస్తారు. పిల్లకి చెప్పకుండా పెళ్ళిచూపులు చూసి రావడమే అనుకోండి. నచ్చితే తర్వాత ఉత్తరాలు, ఫోన్లు, బిషప్ ఆశీర్వాదం. ఫాదర్ ఆన్సెల్‌ని చూడటానికి లెటీ పెన్సిల్వేనియా దాకా వెళ్ళింది. కిటికీల రంగుటద్దాలంటే పిచ్చి ఉన్న బాటసారిని అని అక్కడి గుమ్మంలో బొంకింది. ఆ గుమ్మంలో నిలబడ్డ ముసలాయన ఆవిణ్ణి ఎగాదిగా చూశాడు. ఆ చూపు ఎందుకో అప్పుడు తెలియలేదు. ఇప్పుడు తమ చర్చి గుమ్మంలో, అదే చూపుతో తను నిలబడింది.

ఆరాధన అయ్యాక పక్క హాల్లో కాఫీ. లెటీ సూటిగా ఆకుపచ్చ కోటు దగ్గరికి వెళ్ళింది.

"ఎక్కణ్ణించి వస్తున్నారమ్మా?"

"అలా తిరుగుతూ వచ్చాం... వచ్చాను. ఆకులు చూద్దామని."

"ఆకులు బయటున్నాయి," అంది లెటీ.

ఆవిడ నవ్వేసి, నిమ్మకాయ కేకు ముక్క కొరికి, "మీ ఫాదర్ ఇక్కడికి వచ్చి ఎన్నేళ్ళయింది?" అని అడిగింది. ఆకులు చూడటానికి వచ్చినవాళ్ళకి అడగవలసిన ప్రశ్నేనా అది? వాళ్ళు వెళ్ళాక లెటీ రోడ్డు దాకా వచ్చి కారు వెనక్కి చూసింది. కనెక్టికట్ నంబరు ప్లేటు. అక్కడి చర్చిలు పెద్దవి, జీతాలూ పెద్దవే.

ఇందులో అంత కంగారు పడాల్సిందేముంది, ఒక ఫాదర్ పోతే ఇంకో ఫాదర్ వస్తాడు కదా అనుకునేవాళ్ళుంటారు. వాళ్ళు లెటీ వాళ్ళ సెయింట్ మథయాస్ చర్చిలో ఆ మూడేళ్ళూ కూర్చుని ఉండరు. ఫాదర్ ఆన్సెల్‌కి ముందు మూడేళ్ళు పీఠం ఖాళీగా ఉంది. ఆదివారం ఆదివారం లెటీయే లేచి ప్రార్థన చదివేది. చివరికి వేళ్ళ మీద లెక్కపెట్టేంత మందే మిగిలారు. అప్పుడు బిషప్ వచ్చి, లెటీ వండిన చికెన్ రెండోసారి వడ్డించుకుని, మెల్లగా చెప్పాడు: "ఇంకోసారి ఖాళీ పడితే నేను ఆపలేనమ్మా. మిమ్మల్ని నది అవతల ప్రెస్కాట్ చర్చిలో కలిపేసి, ఈ భవనం అమ్మెయ్యాల్సిందే." అమ్మడమంటే ఏమిటో లెటీకి తెలుసు. ఎగువన ఒక ఊళ్ళో అలా అమ్మిన చర్చిలో ఇప్పుడు బీరు కాస్తున్నారు. సెయింట్ మథయాస్ వెనక చిన్న తోట ఉంది. అందులో లెటీ భర్త ఎవరెట్ బూడిదని ఆవిడ తన చేతులతో మట్టిలో కలిపింది. రేపు ఎవడో కొనుక్కుని ఆ తోటలో బల్లలు వేసి బీరు పోస్తే, ఆవిడ ఎవరి అనుమతి అడిగి లోపలికి వెళ్ళాలి?

మర్నాడు డెక్స్టర్ ముల్లెన్‌ని బాయిలర్ గదిలో పట్టుకుంది. వెస్ట్రీలో ఫాదర్ తర్వాత పెత్తనం పెద్ద వార్డెన్ లెటీది, డెక్స్టర్ చిన్న వార్డెన్. చిన్న వార్డెన్ అంటే పేరుకే హోదా. బాయిలర్ మొరాయిస్తే తన్నడం, పైకప్పు కారితే బకెట్టు పెట్టడం, చలికాలం మెట్ల మీద మంచు ఎత్తడం అతని పని. ఇద్దరూ ఒకే బళ్ళో చదువుకున్నారు.

"ఫాదర్‌ని ఎత్తుకుపోవడానికి వచ్చారు డెక్స్టర్."

"ఎవరు, దొంగలా?" అన్నాడతను బాయిలర్ లోంచి తల తీయకుండా.

"నవ్వు, నవ్వు. పెన్సిల్వేనియాలో మనం కూర్చున్నట్టే కూర్చున్నారు. నువ్వప్పుడు నిద్రపోయావు కాబట్టి నీకు గుర్తుండదు."

"నేను కళ్ళు మూసుకుని విన్నాను."

"గురక పెట్టి విన్నావు."

డెక్స్టర్ తల బయటికి తీశాడు. మొహమంతా మసి. "సరే, వచ్చారే అనుకో. మన ఫాదర్ సరే అన్నాడని ఎవరు చెప్పారు? అయినా రూలుంది కదా, వెస్ట్రీ ఒప్పుకోకుండా ఫాదర్ రాజీనామా చెల్లదు. మనం ఒప్పుకోం. అయిపోయింది."

"ఇష్టం లేనివాణ్ణి కట్టేసి ప్రసంగం చెప్పిస్తావా?"

"అయితే వెళ్ళి ఆయన్నే అడుగు. నోరుంది కదా నీకు. ఊళ్ళో అందరికీ తెలుసు ఆ సంగతి."

అడిగెయ్యొచ్చు. ఫాదర్ ఇల్లు చర్చి పక్కనే, తలుపు కొడితే ఆయనే తీస్తాడు. ఇలాంటివి గుట్టుగా జరుగుతాయి, అడిగి ఆయన్ని ఇబ్బందిపెట్టడం పద్ధతి కాదు అని లెటీ తనకి తను చెప్పుకుంది. పద్ధతీ లేదు, పాడూ లేదు. అడిగితే ఆయన "అవును" అంటాడని భయం. అందుకని అడగడం మానేసి, కనిపెట్టడం మొదలుపెట్టింది.

కనిపెట్టాలని కూర్చున్న మనిషికి కనపడనిదేముంటుంది! వీళ్ళ శాఖలో ఫాదర్లు పెళ్ళి చేసుకోవచ్చు. ఫాదర్ భార్య గ్రెటా ఒకరోజు, "లెటీ, మా పియానో ఎవరికైనా కావాలేమో కనుక్కుంటారా?" అంది. ఉండేవాళ్ళు పియానో ఎందుకు ఇచ్చేస్తారు? బిషప్ చేతుల మీదుగా జరిగే పిల్లల కన్ఫర్మేషన్ వేడుకకి తరగతులు ఎప్పుడు మొదలు పెడదామని అడిగితే ఫాదర్, "చూద్దాం, ఇప్పుడే చెప్పలేను" అన్నాడు. ఎందుకు చెప్పలేడు? ఎక్కడుంటాడో తెలియకనేగా! ఫోను మోగితే ఇంట్లో మాట్లాడకుండా తోటలోకి వెళ్ళి అటూ ఇటూ తిరుగుతూ మాట్లాడుతున్నాడు. ఒకసారి లెటీ పూలకుండీ సర్దుతున్నట్టు నటిస్తూ కిటికీ దగ్గర చెవి పెట్టింది. "అలా కాదండీ, నా పరిస్థితి మీరు అర్థం చేసుకోవాలి" అన్న మాట ఒక్కటే వినపడింది. ఆ ఒక్క మాట చాలు, ఆవిడ ఆ వారమంతా సరిగ్గా తినలేదు.

నవంబరులో, చెట్లన్నీ బోసిపోయాక, ఆకుపచ్చ కోటు ఆవిడ మళ్ళీ వచ్చింది. ఈసారి ఒంటరిగా. రెండోసారి వచ్చారంటే బేరం ముదిరిందన్నమాటే. కాఫీ దగ్గర లెటీ ఆవిణ్ణి ఓ మూల కుర్చీలో కూర్చోబెట్టి, పళ్ళెం నిండా కేకు పెట్టి ఇచ్చింది.

"మళ్ళీ వచ్చారే! ఆకులన్నీ రాలిపోయాయి కదమ్మా."

ఆవిడ సిగ్గుపడుతూ నవ్వింది. "మీ చర్చి నచ్చింది. మీ ఫాదర్ ప్రసంగం ఇంకా నచ్చింది."

"అవునవును. మొదటిసారి విన్నప్పుడు నాకూ నచ్చింది."

"అంటే?"

"ఏం లేదు. మంచి మనిషి. ఒకరి వెనక మాట్లాడే అలవాటు నాకు లేదు," అంటూ లెటీ కుర్చీ ఇంకాస్త దగ్గరికి జరుపుకుంది. "మొదట్లో ప్రసంగాలు బ్రహ్మాండం. ఆ తర్వాత చుట్టూ తిరిగి మళ్ళీ అవే వస్తాయి. నిన్నటి కాసరోల్ వేడిచేసి, పైన కాస్త చీజ్ చల్లి పెడతాం చూడండి, అలాగ."

"ఓహో. మరి జనంతో ఎలా ఉంటారు? జబ్బు పడ్డవాళ్ళనీ వాళ్ళనీ చూడటానికి వెళ్తారా?"

ఎవరెట్ బర్లింగ్టన్ ఆసుపత్రిలో ఉన్నప్పుడు, మంచు తుఫానులో రోడ్లు మూసేస్తున్నారంటున్నా వినకుండా కారు నడుపుకుని వచ్చి మంచం పక్కన కూర్చున్నది ఫాదర్ ఆన్సెలే. ఎవరెట్ చెయ్యి చివరిదాకా ఆయన చేతిలోనే ఉంది. ఆ సంగతి లెటీకి నోటి దాకా వచ్చింది. మింగేసింది.

"వెళ్తారు పాపం," అంది. "ఎవరైనా గుర్తు చేస్తే."

ఆకుపచ్చ కోటు ఆవిడ కప్పు కింద పెట్టింది. ఆ మొహంలో ఉత్సాహం తగ్గడం కళ్ళారా చూశాక లెటీకి ఆపాలనిపించలేదు. మందు పనిచేస్తున్నప్పుడు ఇంకో చెంచా పొయ్యకుండా ఎలా ఉంటాం?

"పైకి చెప్పుకోం గానీ అమ్మా, ఆయన వెళ్తానంటే ఆపేవాళ్ళెవరూ లేరిక్కడ. కమిటీ వాళ్ళు ఆ పూటే సరే అంటారు."

"మీరు... కమిటీలో ఉన్నారా?"

"నేనా? నేను కాఫీ కాస్తానండీ."

ఆ తర్వాత కొన్ని వారాలు లెటీ గాల్లో తేలిపోయింది. ఆకుపచ్చ కోటు మళ్ళీ కనపడలేదు. తోటలో ఫోన్లు ఆగిపోయాయి. కన్ఫర్మేషన్ తరగతులు ఫలానా ఆదివారం మొదలని ఫాదర్ ప్రకటించాడు. బిషప్ ఎప్పుడొస్తాడో తేదీ ఇవ్వకపోవడం వల్లే ఇన్నాళ్ళూ ఆలస్యమైందట. పియానో సంగతీ తేలింది. గ్రెటాకి చేతివేళ్ళ కీళ్ళు పట్టేసి, వాయించలేక, దాన్ని చూస్తే ఏడుపొస్తోందట. ఇంత తేలాక, తన అనుమానమే తప్పేమోనని మామూలు మనిషికి తట్టాలి. లెటీకి తట్టలేదు. అంతా తను పోసిన మందు గుణమే అనుకుంది. ఫాదర్ గుమ్మం దగ్గర కరచాలనం చేసేటప్పుడు కాస్త ఎక్కువసేపు చెయ్యి పట్టుకుని మొహంలోకి చూస్తున్నాడని గమనించింది కూడా. కృతజ్ఞత కాబోలు అనుకుని మురిసిపోయింది.

క్రిస్మస్‌కి ముందు ఆదివారం, ఆరాధన అయ్యాక, వెస్ట్రీ ఏడుగురినీ ఉండమన్నాడు ఫాదర్. హాల్లో పొడుగుబల్ల చుట్టూ కూర్చున్నారు. కాఫీ కప్పులు ఇంకా తియ్యలేదు. ఫాదర్ కూర్చోలేదు.

"నేను వెళ్ళిపోదామనుకుంటున్నాను," అన్నాడు. "మీ ఒప్పుకోలు కావాలి. ఎందుకో చెప్పడం నా ధర్మం. శరత్కాలంలో కనెక్టికట్ నుంచి ఒక చర్చివాళ్ళు నా కోసం వచ్చారు. ఆ వారమే రానని చెప్పేశాను. వాళ్ళు వదల్లేదు, ఫోన్ల మీద ఫోన్లు. వాళ్ళలో ఒకావిడ చివరిసారి అడిగి చూద్దామని మళ్ళీ వచ్చింది. ఆవిడకీ రానన్నాను. ఇక్కడి జనాన్ని వదిలి రాలేనన్నాను. అప్పుడావిడ జాలిపడి ఒక మాట చెప్పింది. నేను వెళ్తానంటే ఆపేవాళ్ళు ఇక్కడ ఎవరూ లేరట. మీరంతా ఆ పూటే సరే అంటారట. నేను జబ్బుపడ్డవాళ్ళని ఎవరైనా గుర్తు చేస్తే తప్ప చూడనట."

లెటీ బల్ల మీద కాఫీ మరకని చూస్తోంది.

"ఎవరన్నారో ఆవిడ పేరు చెప్పలేదు, నేను అడగలేదు. అది నిజమైతే మీ నెత్తిన నేను కూర్చోకూడదు. అబద్ధమైతే, మీలో ఎవరి మొహం చూసి మాట్లాడాలో నాకు తెలియట్లేదు. మీరు మాట్లాడుకోండి. నేను చర్చిలో ఉంటాను."

తలుపు మూసుకోగానే బల్ల అదిరిపోయింది. డెక్స్టర్ గుద్దాడు.

"ఎవడు కూశాడు ఆ కూత? ముందు అది తేలాలి!"

"మనలో వాళ్ళే అయ్యుంటారు," అంది ఫిలిస్. ఆవిడ కమిటీ కార్యదర్శి, సమావేశంలో జరిగిందంతా రాసే మనిషి. ఇప్పుడు మాత్రం పెన్ను ముట్టుకోలేదు. "కమిటీ సంగతి బయటివాళ్ళకేం తెలుసు?"

ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. ఏళ్ళ తరబడి ఒకే గిన్నెలోంచి బంగాళాదుంపల సలాడ్ తిన్నవాళ్ళు, ఒకళ్ళ పిల్లలకి ఒకళ్ళు బాప్తిస్మంలో జ్ఞానతల్లిదండ్రులు. ఒక్క నిమిషంలో పరాయివాళ్ళ చూపులు వచ్చేశాయి. ఆ చూపులన్నీ తిరిగి తిరిగి డెల్ఫీన్ దగ్గర ఆగాయి. డెల్ఫీన్ కిందటి జనవరిలోనే ఎన్నికైంది. ఈస్టరు పాటల విషయంలో ఫాదర్‌తో అందరి ముందూ గొడవపడింది.

"నన్నెందుకలా చూస్తారు?" అంది డెల్ఫీన్.

"ఆయన పాటలు మార్చలేదని నువ్వు ఆర్నెల్లు అలిగావుగా," అన్నాడు డెక్స్టర్. "ఆ కనెక్టికట్ ఆవిడ పక్కన కూర్చుని నవ్వుతూ మాట్లాడటం నేను చూశాను."

"కేకులో ఏం వేశారని అడిగింది, చెప్పాను! పాటల గురించి గొడవపడితే మనిషిని పొమ్మంటానా? మా అమ్మకి ఆపరేషన్ అయితే రోజూ వచ్చి చూశారాయన. నేనెలా అంటాను ఆ మాట?" ఆ పిల్లకి కళ్ళనీళ్ళు తిరిగాయి.

"దొరికిపోయినవాళ్ళు ముందు ఏడుస్తారు," అంది ఫిలిస్ గోడ వంక చూస్తూ.

లెటీ నోరు మూసుకుని కూర్చుంటే సరిపోయేది. ఎవరూ ఆవిడ వైపు చూడలేదు. పెద్ద వార్డెన్ మీద అనుమానం ఎవరికొస్తుంది? జీవితమంతా అందరినీ అనుమానించిన మనిషి, తనని ఒక్కరూ అనుమానించకపోవడం భరించలేకపోయింది. ఎదురుగా ఆ పిల్ల చేతిరుమాలు కోసం సంచీ అంతా వెతుక్కుంటోంది.

"నేనన్నాను," అంది లెటీ.

డెక్స్టర్‌కి అర్థం కాలేదు. "ఏమన్నావు?"

"ఆ మాటలన్నీ నేనే అన్నాను. డెల్ఫీన్‌కి ఏ పాపమూ తెలియదు. ఆయన పనికిరాడనుకుంటే వాళ్ళు వదిలేసి పోతారని..."

"పనికిరాడని చెప్పావా? ఎవరెట్ దగ్గర కూర్చున్న మనిషి గురించా?"

"ఉంచుకుందామని డెక్స్టర్. ఆయన్ని ఉంచుకుందామని."

డెక్స్టర్ తన కుర్చీని ఆవిడకి దూరంగా జరుపుకున్నాడు. తిట్టినా బాగుండేది. చివరికి ఫిలిస్ పొడిగా, "వెళ్ళి ఆయనతో చెప్పు" అంది.

ఫాదర్ ఆన్సెల్ ముందు బెంచీలో కోటు వేసుకునే కూర్చుని ఉన్నాడు. బాయిలర్ ఆపేశారేమో, చర్చి చల్లబడిపోయింది. లెటీ పక్కన కూర్చోలేదు. నడవలోనే నిలబడింది.

"ఫాదర్, ఆ అన్నది..."

"తెలుసు."

"పేరు చెప్పలేదన్నారు కదా?"

"నిన్నటి కాసరోల్, పైన చీజ్." ఆయన నవ్వాడు గానీ అది నవ్వులా లేదు. "ఈ ఊళ్ళో అలా ఇంకెవరు మాట్లాడతారు లెటీ? ప్రసంగాల సంగతి నిజమే, తిరగేస్తుంటాను. దానికేం బాధ లేదు."

"ఆసుపత్రి మాట... నేను క్షమించమని అడగడానికి కూడా..."

"క్షమించాను. ఎప్పుడో. వారం వారం గుమ్మంలో మీ చెయ్యి పట్టుకుని, ఈవారం చెప్తారు, వచ్చేవారం చెప్తారు అని చూశాను. పోనీ చెప్పద్దు. వాళ్ళు మొదటిసారి వచ్చిన రోజే, 'ఫాదర్, మమ్మల్ని వదిలిపోతున్నారా?' అని ఒక్కమాట అడిగి ఉంటే, లేదని చెప్పేవాణ్ణి కదా. ఆరేళ్ళు పక్కపక్కన కూర్చుని పనిచేశాం. నన్ను ఆ ఒక్క ప్రశ్న అడిగేంత నమ్మకం కూడా కుదర్లేదా మీకు?"

లెటీ కళ్ళు తుడుచుకుంది.

"అందరికీ చెప్పేశాను లోపల," అంది. "వాళ్ళెవరూ మిమ్మల్ని వదలరు. నన్ను తీసెయ్యమనండి, వార్డెన్‌గిరీ మానేస్తాను. మీరుండండి."

"ఉండి ఏం చెయ్యను? మీరు నా మొహంలో ఏం వెతుకుతున్నారో అని నేను వెతుకుతుంటాను. ఈ కొన్ని వారాలూ అదే చేశాను. ప్రార్థన చదువుతూ బెంచీలన్నీ గాలించాను, మీరు కాక ఇంకా ఎవరెవరై ఉంటారు అని. ఆ మాట మీదేనని తెలిసినా ఆగలేదది. అలా చూసే ఫాదర్ మీకొద్దు."

"ఎక్కడికి వెళ్తారు మరి?"

"ముందు గ్రెటా చెల్లెలి ఇంటికి. ఆ తర్వాత ఏమో, తెలియదు."

"కనెక్టికట్‌కి కాదు కదా?"

అనేసింది. నోట్లోంచి వచ్చాక గానీ తను అన్నదేమిటో ఆవిడకే తెలియలేదు. ఫాదర్ తలెత్తి ఆవిడ వంక చూశాడు. ఆ చూపులో కోపం లేదు, అందుకే లెటీకి నేల చీలితే బాగుండుననిపించింది.

"చూశారా," అన్నాడాయన. "పదండి, ఓటు పెట్టండి."

హాల్లోకి వచ్చి ఫాదర్ తలుపు పక్క కుర్చీలో కూర్చున్నాడు. లెటీ బల్ల దగ్గర తన చోటికి వెళ్ళింది. ఫాదర్ సొంత విషయం కాబట్టి సమావేశం నడపాల్సింది పెద్ద వార్డెనే. ఆ హోదా వదులుకుంటానని ఇందాకే అంది గానీ, ఈ పని అయ్యేదాకా వదులుకోవడానికి లేదు.

"ఫాదర్ రాజీనామాకి ఒప్పుకునేవాళ్ళు చేతులెత్తండి."

ఒక్క చెయ్యీ లేవలేదు. డెక్స్టర్ చేతులు కట్టుకుని, గడ్డం ముందుకు పెట్టుకుని కూర్చున్నాడు. రూలు వాళ్ళ పక్షానే ఉంది. ఇక్కడితో లెటీ, "ఒప్పుకోలు లేదు, సమావేశం ముగిసింది" అంటే చాలు. ఫాదర్ కదలడానికి వీల్లేదు, పీఠం ఖాళీ పడదు, చర్చి అమ్ముడుపోదు, ఎవరెట్ తోటకి తాళం పడదు. ఇన్నాళ్ళూ ఆవిడ కోరుకున్నదంతా ఆ ఒక్క మాటలో ఉంది.

లెటీ చెయ్యెత్తింది.

"నీకు మతి పోయిందా?" అన్నాడు డెక్స్టర్. "ఆయన పోతే బిషప్ ఊరుకుంటాడా? ప్రెస్కాట్‌లో కలిపేస్తాడు. ఎవరెట్ మాటేమిటి?"

"తెలుసు. చెయ్యెత్తు డెక్స్టర్."

"ఎత్తను."

"ఆయన్ని కట్టేసి ఉంచుతామా? ఎత్తు."

ముందు డెల్ఫీన్ ఎత్తింది, ఏడుస్తూనే. తర్వాత మిగతా ముగ్గురూ. ఫిలిస్ ఎడమచేత్తో పెన్ను పట్టుకుని కుడిచెయ్యి ఎత్తింది. డెక్స్టర్ చాలాసేపు తలుపు పక్కన కూర్చున్న మనిషి వంకే చూశాడు. ఆయన తల ఊపాడు. అప్పుడు డెక్స్టర్ చెయ్యి లేచింది, మసి మరకలతో సహా.

"వద్దనేవాళ్ళు?" అని అడిగింది ఫిలిస్, రాసుకోవడం కోసం.

"లేరు," అంది లెటీ.

"అయితే ఏకగ్రీవం అని రాయాలి. అలాగే రాయనా?"

"అలాగే రాయి," అంది లెటీ. అందరూ చేతులు దించేసినా ఆవిడ చెయ్యి ఇంకా పైనే ఉంది.